సమష్టి పాటకు సంతకం ఎవరిది?

‘సమష్టి రచన’ అన్న మాట మన సాహిత్య సభల్లో ఎప్పుడు చర్చకు వచ్చినా రెండు వాదాలు తల ఎత్తుతాయి. మొదటి వాదం ప్రకారం కవిత్వం ఒక మనిషి చేసే పని. పదిమంది కూచుని రాస్తే తీర్మానం వస్తుంది, పాట రాదు. రెండో వాదం ప్రకారం ప్రజల పాటకు కర్త ఉండడు. అది గడ్డిపరకలా తనంత తాను మొలుస్తుంది. కనుక దానికి పేరు వెతకడం వ్యక్తివాదం అవుతుంది. పైకి చూస్తే ఇవి ఎదురుబొదురు వాదాలు. లోతుకు వెళితే రెండూ ఒక తాను ముక్కలే. ఒక పాట ఎవరెవరి చేతులమీదుగా, ఏ అవసరం కోసం, ఏ మాట దగ్గర మారిందో చూడవలసిన కష్టాన్ని రెండూ ఎగవేస్తాయి. మొదటిది ప్రతిభ పేరు చెప్పి ఎగవేస్తుంది, రెండోది ప్రజల పేరు చెప్పి ఎగవేస్తుంది.

ఇది ఉత్త సిద్ధాంత చర్చ అయితే నేను కలం పట్టేవాణ్ని కాదు. మన సంఘాలు మహాసభలకు ముందు పాటల శిబిరాలు నడుపుతూ వచ్చాయి. పాటల పుస్తకాలు అచ్చు వేస్తూ వచ్చాయి. ఆ పుస్తకాల్లోకి ఎవరి పేరు ఎక్కుతున్నది, ఎవరి పేరు జారిపోతున్నది అన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. విమర్శకు సంబంధించిన ప్రశ్న కూడా. పాట తయారైన తీరు తెలియకుండా దాని బాగోగులు చెప్పలేం.

మన అనుభవాన్ని మనమే తూకం వేసుకోవడం కష్టం. రాగద్వేషాలు అడ్డం వస్తాయి. అందుకని దూరాన ఉన్న ఒక ఉదాహరణ తీసుకుంటాను. అమెరికాలోని న్యూపోర్టు జానపద సంగీతోత్సవానికి 1963లో జరిగిన సన్నాహాలు, ఆ ఉత్సవంలో తొలి రాత్రి చివర గాయకులంతా చేతులు పట్టుకుని పాడిన ‘వి షల్ ఓవర్‌కమ్’ అన్న పాట. ఈ పాట పెరిగిన క్రమానికి పాడినవాళ్ల సాక్ష్యాలు ఉన్నాయి. కోర్టు తీర్పు కూడా ఉంది. ఒక సమష్టి పాటకు ఇంత వివరమైన చిట్టా దొరకడం అరుదు.

1

న్యూపోర్టు అనగానే పాశ్చాత్య సంగీతం తెలిసినవారికి ఒకే ఘట్టం గుర్తుకొస్తుంది. 1965 జులై 25న బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో వేదిక ఎక్కాడు. శ్రోతల్లో కొందరు గోల చేశారు. దానిమీద పుస్తకాలు వచ్చాయి, 2024లో సినిమా కూడా వచ్చింది. ఒక కథానాయకుడు, ఒక రాత్రి, ఒక తిరుగుబాటు. చెప్పుకోవడానికి ఇంతకంటే తేలికైన కథ ఉండదు. ఆ కథ వెలుతురులో, ఉత్సవం వెనుక ఉన్న ఏర్పాటు చీకట్లో పడిపోయింది.

న్యూపోర్టు రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. రైలు మార్గాల మీద కోట్లు గడించిన వాండర్‌బిల్ట్ వంటి కుటుంబాలు వేసవి విడిది కోసం కట్టుకున్న భవంతులకు అది పేరుపడింది. అక్కడ 1954లో జాజ్ ఉత్సవాన్ని మొదలుపెట్టిన జార్జ్ వైన్ 1959లో జానపద సంగీతోత్సవాన్నీ ప్రారంభించాడు. 1960లో రెండోసారి జరిగింది. తర్వాత రెండేళ్లు ఆగిపోయింది. 1963 జులై 26, 27, 28 తేదీల్లో తిరిగి జరిగినప్పుడు దాని నిర్మాణమే మారిపోయింది.

ఈ మార్పులో గాయకుడు పీట్ సీగర్, ఆయన భార్య తోషీ సీగర్ పాత్ర ముఖ్యమైనది. ఉత్సవాన్ని లాభాపేక్ష లేని సంస్థగా మార్చారు. కార్యక్రమాలు నిర్ణయించడానికి గాయకులతోనే ఏడుగురి మండలి ఏర్పడింది. ఆ ఏడుగురిలో సీగర్‌తో పాటు థియొడోర్ బికెల్, జీన్ రిచీ, పీటర్ యారో ఉన్నారు. పాడేవారు ఎంతటివారైనా ఒక్కొక్కరికి 50 డాలర్లు, ప్రయాణపు ఖర్చు, బస, భోజనం. మిగిలిన డబ్బు జానపద సంగీత సేకరణకూ, దాన్ని బతికించే పనులకూ పోవాలి.

ఈ 50 డాలర్ల లెక్క చిన్న విషయంలా కనిపిస్తుంది. అప్పటికే జోన్ బేజ్ రికార్డులు లక్షల్లో అమ్ముడుపోతున్నాయి. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో కొన్ని రికార్డులిచ్చి, మళ్లీ పొలం పనుల్లోకి వెళ్లిపోయి, ముప్పై అయిదేళ్ల తర్వాత ఆ వేదిక ఎక్కిన మనిషి. ఇద్దరికీ ఒకే కవరు. ఒక ఉత్సవం తన సిద్ధాంతాన్ని ఉపన్యాసంలో చెప్పుకోవచ్చు. కాని అది నిజంగా ఏమిటో జమాఖర్చుల పుస్తకంలో తెలుస్తుంది. న్యూపోర్టు ఆ పరీక్షకు నిలిచింది.

అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 50 డాలర్లు అందరికీ ఒకటే కాని ఆ 50 విలువ అందరికీ ఒకటి కాదు. ఒకరికి అది వదులుకున్న ఆదాయం, ఇంకొకరికి అందిన ఆదాయం. పైగా జనం టిక్కెట్లు కొన్నది ఎక్కువగా పెద్ద పేర్లు చూసి. పైకం సమానం చేసినంత మాత్రాన పేరు సమానం కాలేదు. ఈ రెండో అసమానత దగ్గరే మన ప్రశ్న ఉంది.

2

ఉత్సవానికి సన్నాహం అంటే పందిళ్లు వేయడం, మైకులు కట్టడం అనుకుంటాం. అసలు సన్నాహం ఎవరిని పిలవాలో నిర్ణయించడం. 1964లో న్యూపోర్టు సంస్థ రాల్ఫ్ రింజ్లర్‌ను నియమించి ఊళ్ల మీదికి పంపింది. అతను లూసియానాలో ఫ్రెంచి మాట్లాడే పల్లెజనం, కేజన్‌లు, నివసించే ప్రాంతానికి వెళ్లాడు. ఆ జనం భాషను బడుల్లో దండించి మాన్పించారు. వాళ్ల సంగీతాన్ని సొంత ప్రాంతపు పెద్దమనుషులే మోటుదని చిన్నచూపు చూసేవారు. ఆ వాద్యగాళ్లను న్యూపోర్టుకు తీసుకుపోతున్నారని తెలిసి స్థానిక పత్రిక ఎకసెక్కెం చేసింది.

ఆ బృందంలో చివరి నిమిషంలో గిటారు పట్టుకుని వెళ్లిన మనిషి డ్యూయీ బాల్ఫా. నిజానికి ఆయన ఫిడేలు వాయించేవాడు. అంతవరకు రెండు వందలమందిని ఒకచోట చూడని తాను అక్కడ వేలమంది ముందు నిలబడ్డానని, ఆ జనం తమను వేదిక దిగనివ్వలేదని తర్వాత ఆయన చెప్పుకున్నాడు. ఇంతవరకు ఇది కూడా ఒక విజయగాథే. దీని అసలు విలువ తర్వాతి భాగంలో ఉంది. బాల్ఫా ఆ చప్పట్లను మోసుకుని ఇంటికి తిరిగివెళ్లాడు. న్యూపోర్టు సంస్థ సాయంతో ఆ ప్రాంతంలోనే సంగీత పోటీలు, ప్రోత్సాహకాలు మొదలయ్యాయి. పదేళ్లకు, 1974లో, లూసియానాలోని లఫాయెట్ నగరంలో కేజన్ సంగీతానికి సొంత ఉత్సవం జరిగింది. నవ్విన నాపచేనే పండింది.

నేను దీన్నుంచి తీసుకునే సూత్రం ఒకటి. జానపదాన్ని పట్నం వేదికకు తేవడం ఉత్సవం పనిలో సగం మాత్రమే. అది తిరిగి ఊరికి ఏం పంపింది అన్నది మిగతా సగం. మన ఉత్సవాల నివేదికల్లో మొదటి సగం ఫొటోలతో సహా ఉంటుంది. రెండో సగానికి తరచు ఒక పేరా కూడా ఉండదు.

3

ఇక పాటలు రాయడం సంగతి. న్యూపోర్టులో రాత్రి కచేరీలతో పాటు పగలు చిన్న చిన్న గోష్ఠులు జరిగేవి. ఫిడేలుకు ఒకటి, బాంజోకు ఒకటి, 1963లో సమకాలీన సమస్యలపై పాటలకు ఒకటి. పాడేవారికీ వినేవారికీ మధ్య దూరం తగ్గే చోటు అది.

ఆ గోష్ఠికి ముందు ఒక చిన్న పత్రిక చేసిన సన్నాహం ఉంది. 1962 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో సిస్ కనింగ్‌హాం, గార్డన్ ఫ్రీసెన్ దంపతులు ‘బ్రాడ్‌సైడ్’ అనే పత్రిక మొదలుపెట్టారు. మన సంఘాల పాత కరపత్రాల్లాగే చేత్తో తిప్పే యంత్రం మీద అచ్చయిన కొద్ది పేజీలు. వార్తాపత్రికల్లో వచ్చిన సంఘటనల మీద పాటలు రాయించడం, వెంటనే అచ్చువేయడం, ఒకరి పాట ఇంకొకరికి చేర్చడం దాని పని. పాటలు కట్టే యువకులు ఆ దంపతుల ఇంట్లో చేరి కొత్త పాటలు వినిపించేవారు, అక్కడే టేపు మీద రికార్డు చేసేవారు. డిలన్ తొలి పాటలు కొన్ని మొదట అచ్చయింది అందులోనే. ఒంటరి మేధావిగా ప్రచారమైన కవికి కూడా వెనుక ఒక గది, వినే చెవులు, అచ్చువేసే చేతులు ఉన్నాయి. ప్రతిభ ఉండదని నేననను. ప్రతిభకు పనిముట్లు అందించే ఏర్పాటును మరిచిపోయి ప్రతిభ గురించి మాట్లాడటం, దుక్కి దున్నినవాణ్ని వదిలేసి పంట గురించి మాట్లాడటం వంటిదే అంటాను.

1963 ఉత్సవానికి దక్షిణాది నుంచి నలుగురు వచ్చారు. కార్డెల్ రీగన్, బెర్నీస్ జాన్సన్, రూతా హారిస్, చార్లెస్ నెబ్లెట్. వీరు ‘ఫ్రీడం సింగర్స్’. జార్జియా రాష్ట్రం ఆల్బనీలో నల్లజాతి ప్రజల ఉద్యమంలోంచి 1962లో పుట్టిన బృందం. వీరి పాటలు ఊరేగింపుల్లో, జైలు గదుల్లో, చర్చి సభల్లో తయారయ్యాయి. పాత చర్చి పాటలో ఒక మాట తీసి ఆ ఊరి పోలీసు అధికారి పేరు పెడితే అది కొత్త పాట అయ్యేది. జైలులో ఒకరు ఎత్తుకుంటే పక్క గదిలోవాళ్లు చరణం చేర్చేవారు. జులై 26 రాత్రి కార్యక్రమం చివర వీరు, డిలన్, బేజ్, పీట్ సీగర్, బికెల్, ‘పీటర్ పాల్ అండ్ మేరీ’ బృందం ఒకే వరసలో నిలబడి ‘వి షల్ ఓవర్‌కమ్’ పాడారు. నెల తిరిగాక, ఆగస్టు 28న, వాషింగ్టన్ ప్రదర్శనలో అదే పాటను బేజ్ పాడింది, జనం అందుకున్నారు.

ఆ రాత్రి ఫొటోలో ఉన్నవాళ్లు ఆ పాటను పాడినవాళ్లు. దాన్ని తయారుచేసిన చేతులు చాలావరకు ఆ ఫొటోలో లేవు. ఇప్పుడు ఆ చేతులను వెతుకుదాం.

4

పాట మూలాలు నల్లజాతి చర్చిల్లో ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో పాస్టరుగా పనిచేసిన చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాసిన ఒక కీర్తనలో దీని భావం ఉంది. బాణీ పోలికలు మరో పాత చర్చి పాటలో ఉన్నాయి. అక్కడ అది భక్తుడు తన కష్టాలను తానే దాటుతానని చెప్పుకునే పాట.

1945 అక్టోబరులో దక్షిణ కరొలినాలోని చార్ల్‌స్టన్‌లో అమెరికన్ టొబాకో కంపెనీ చుట్టల కర్మాగారం కార్మికులు సమ్మెకు దిగారు. ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు. సమ్మె నెలల తరబడి సాగింది, చలికాలం మీద పడింది. ఫ్యాక్టరీ ముందు పహరా ముగించి ఇళ్లకు పోయేముందు లూసిల్ సిమన్స్ అనే కార్మికురాలు ఈ పాట ఎత్తుకునేది. లయను బాగా నిదానం చేసి, ప్రతి మాటనూ సాగదీసి పాడేది. చర్చి పాట సమ్మె పాట అయింది ఇక్కడే. ‘నేను’ అన్నచోట ‘వి’ వచ్చి నిలిచింది కూడా ఈ సమ్మెలోనే.

ఆ నిదానాన్ని గమనించండి. నడుస్తూ పాడే పాటకు వేగం కావాలి. అలసిపోయి, రేపు మళ్లీ రావాలా వద్దా అని తేల్చుకోలేక నిలబడ్డ మనుషుల పాటకు ఊపిరి తీసుకునే వ్యవధి కావాలి. ఆమె లయను మార్చింది అంటే ఆ మనుషుల స్థితిని చదివింది అని అర్థం. ఇది రచనే.

సమ్మెలో పాల్గొన్న కొందరు టెనెసీ రాష్ట్రంలోని హైలాండర్ జానపద పాఠశాలకు వచ్చారు. అది కార్మిక కార్యకర్తలకు తరగతులు నడిపే సంస్థ. అక్కడ సంగీతం చూసుకునే జిల్ఫియా హార్టన్ ఈ పాట నేర్చుకుంది, వచ్చినవారందరికీ నేర్పింది. 1947లో పీట్ సీగర్ ఆమె దగ్గర నేర్చుకున్నాడు, చరణాలు చేర్చాడు. ‘విల్’ అన్న మాట ‘షల్’గా మారింది ఈ దశలోనే. ఎవరు మార్చారు? తాను కావచ్చునని, హైలాండర్‌లో చదువు చెప్పిన సెప్టిమా క్లార్క్ కూడా కావచ్చునని సీగర్ అన్నాడు. కారణం మాత్రం స్పష్టంగా చెప్పాడు. ఆ అచ్చు దగ్గర పాడేవారి నోరు బాగా తెరుచుకుంటుంది. వ్యాకరణం కోసం జరిగిన మార్పు కాదది, గొంతు కోసం జరిగినది.

తర్వాత ఫ్రాంక్ హామిల్టన్, గై కారవాన్ దాన్ని గిటారుకు అనువుగా మలిచారు. 1959లో కారవాన్ హైలాండర్‌కు వచ్చాడు. ఆ ఏడాది జులై 31 రాత్రి పోలీసులు పాఠశాలపై దాడి చేశారు. దీపాలు ఆర్పేశారు. చీకట్లో కూచున్నవారిలో అలబామా నుంచి వచ్చిన జమైలా జోన్స్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయి ఉంది. భయం లేదని చెప్పే చరణం ఆ చీకట్లో చేరింది. మిగతావారు అందుకున్నారు. ఒక పోలీసు తన దగ్గరికి వచ్చి అంత గట్టిగా పాడాలా అని అడిగాడని, అతని చేతిలో వస్తువు వణుకుతున్నదని ఆమె తర్వాతి కాలంలో చెప్పింది. పాట బలం ఏమిటో తనకు ఆ క్షణంలో తెలిసిందని కూడా చెప్పింది. 1960 ఏప్రిల్‌లో విద్యార్థుల సంఘం పుట్టిన రాలీ సభలో కారవాన్ ఈ పాట పాడాడు. ఆల్బనీలోని చర్చి గొంతులు దాన్ని అందుకుని మళ్లీ మార్చాయి. గిటారు పక్కకు తప్పుకుంది, పాదాల చప్పుడూ చప్పట్లూ వచ్చాయి.

ఇదీ చిట్టా. ఇందులో ‘ప్రజలు’ అనే ముఖం లేని ముద్ద ఎక్కడా లేదు. పదిమంది కూచుని ఓటు వేసి రాసిన పంక్తి కూడా లేదు. ఒక్కొక్క మార్పు ఒక్కొక్క మనిషి చేసినది, ఒక్కొక్క అవసరం నుంచి పుట్టినది. ఆ మార్పును నిలబెట్టినవాళ్లు మాత్రం చుట్టూ ఉన్న జనం. తిరిగి పాడితే నిలిచింది, పాడకపోతే రాలిపోయింది. సమష్టి రచన అంటే నా దృష్టిలో ఇదే. వ్యక్తి మార్చడం, సమూహం పరీక్షించడం.

5

‘నేను’ నుంచి ‘మేము’కు మారడం ఎప్పుడూ ముందడుగే అని మన విమర్శ అలవాటుగా అంటుంది. దాన్ని బెర్నీస్ జాన్సన్ రీగన్ ప్రశ్నించింది. నల్లజాతి సంప్రదాయంలో ‘నేను’ అని ప్రతి ఒక్కరూ పాడినప్పుడే అందరూ కట్టుబడతారని, ‘మేము’ అంటే ఎవరు చేస్తారో తేలదని ఆమె వాదం. ఫ్రీడం సింగర్స్‌లో ఒకరై, తర్వాత చరిత్రకారిణిగా పేరుపొంది, 2024లో మరణించిన ఆమె మాటను తోసిపుచ్చలేం. అందరూ ‘మేము’ అన్న చోట ఒక్కడూ కదలకపోవడం మనమూ ఎరుగుదుం.

తెలుగు రచయితకు ఇక్కడ మరో చిక్కు ఉంది. ఇంగ్లీషు ‘వి’ అన్న మాటకు మనకు రెండు మాటలున్నాయి. ‘మేము’ అంటే ఎదుటివాడు బయట ఉన్నాడు. ‘మనం’ అంటే వాడూ లోపలే ఉన్నాడు. గిరిజా కుమార్ మాథుర్ హిందీలోకి తెచ్చిన పాటను మన పిల్లలు బళ్లలో పాడతారు. హిందీ ‘హమ్’ కూడా ఈ తేడా చెప్పదు. తెలుగులోకి తెచ్చేవాడు మాత్రం తేల్చుకోక తప్పదు. సమ్మెలో కంపెనీ గేటు వైపు తిరిగి పాడితే ‘మేము’. చీకటి గదిలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పాడితే ‘మనం’. న్యూపోర్టులో డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్న తెల్లజాతి యువతీయువకులు చార్ల్‌స్టన్ కార్మికురాలి పాటను అందుకున్నప్పుడు వాళ్లది ఏ మాట? ‘మనం’ అనాలని వాళ్ల కోరిక. ఆ ‘మనం’ను నిజం చెయ్యడానికి ఆ రాత్రి చాలదు. వాళ్లలో కొందరు మరుసటి ఏడు మిసిసిపీకి వెళ్లారా లేదా అన్నదే దానికి రుజువు. పాట ఇచ్చిన మాటను పాట ఒక్కటే చెల్లించలేదు.

6

ఇక సంతకం సంగతి. 1960లోనూ 1963లోనూ ఈ పాటపై కాపీరైటు నమోదైంది. హార్టన్, హామిల్టన్, కారవాన్, సీగర్ పేర్లు అందులో ఉన్నాయి. ఈ నలుగురి మీద రాయి వేయడం నా ఉద్దేశం కాదు. వ్యాపార సంగీతం పాటను ఎగరేసుకుపోకుండా కాపాడటానికే నమోదు చేశామని సీగర్ చెప్పాడు. పాటమీద వచ్చిన రాబడిని వారు తీసుకోలేదు. దాన్ని ఒక నిధిగా పెట్టి, హైలాండర్ ద్వారా దక్షిణాది నల్లజాతి ప్రజల సాంస్కృతిక కృషికి ఖర్చు చేశారు. డబ్బు విషయంలో ఇంత నిజాయితీ అరుదు.

అయినా ఆ పత్రంలో లూసిల్ సిమన్స్ పేరు లేదు. జమైలా జోన్స్ పేరు లేదు. డబ్బు సరైన దారిలో పోయింది, పేరు మాత్రం పాత దారిలోనే పోయింది. పాటను కాగితం మీదికి, గిటారు మీదికి ఎక్కించినవారు కర్తలయ్యారు. గొంతుతో మార్చినవారు మూలాలయ్యారు. రాయడం వచ్చినవాడికీ రానివాడికీ మధ్య ఉన్న ఈ గీత మనకు కొత్తది కాదు.

2017 సెప్టెంబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఈ పాట ప్రధాన చరణంపై కాపీరైటు చెల్లదని తీర్పు చెప్పింది. ‘విల్’ను ‘షల్’ చెయ్యడం లాంటి మార్పులు కొత్త రచన అనిపించుకునేంతటివి కావని న్యాయమూర్తి అభిప్రాయం. 2018 జనవరిలో రాజీ కుదిరి పాట మొత్తం ప్రజల ఆస్తి అయింది. చట్టం దృష్టిలో ఇది న్యాయమైన ముగింపే. ఐతే విమర్శకుడు న్యాయమూర్తి కొలబద్దను అరువు తెచ్చుకోకూడదు. చట్టానికి ఒక మాట మార్పు స్వల్పం. పాటకు అదే ప్రాణం కావచ్చు. సమష్టి పాటలో ఎవరి వాటా అయినా చిన్నదే. ఒకరు లయను ఇస్తారు, ఒకరు ఒక అచ్చును ఇస్తారు, ఒకరు చీకట్లో ఒక చరణం ఇస్తారు. చిన్న వాటాలను చూడలేని కన్నుకు ఒక్క పెద్ద కవి కనిపిస్తాడు, లేదా పేరు లేని ప్రజలు కనిపిస్తారు. నేను మొదట చెప్పిన రెండు వాదాలూ పుట్టేది ఈ చూపులేమి నుంచే.

7

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. సమష్టి పాట మనకు బయటినుంచి రాలేదు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లలో ఒకామె చెబుతుంది, మిగతావాళ్లు చప్పట్లతో ఉయ్యాల పాడతారు. ఆ ఏటి కరువూ, ఆ ఇంటి ఆరడీ అందులో చేరతాయి. బుర్రకథలో కథకుడికి రెండు వైపులా ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు రాజకీయం చెబుతారు. కథకుణ్ని ఆపి ప్రశ్నించే హక్కు ఆ రూపంలోనే ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను ఎంచుకోవడంలోనూ, నాజర్ దాన్ని పల్లెపల్లెకూ తీసుకుపోవడంలోనూ ఈ సౌలభ్యం పాత్ర చాలా ఉంది. మూలరచన సుంకర సత్యనారాయణ వంటివారిది కావచ్చు. ఏ ఊరికి ఆ ఊరి రాజకీయం వంతపాటగాడు చేర్చేదే. అచ్చు ప్రతిలో అది కనిపించదు.

మన పాటల శిబిరాల్లో నేను చూసింది చెబుతాను. మహాసభ తేదీ ఖరారవుతుంది. కొత్త పాటలు కావాలంటారు. కవులను, గాయకులను, నాట్లు వేసే పల్లెల నుంచి ఒకరిద్దరు ఆడవాళ్లను పిలుస్తారు. ఆమె బాణీ వినిపిస్తుంది, కవులు మాటలు కూర్చుతారు. ఒక శిబిరంలో ఒక కవి ‘ప్రతిఘటన’ అని రాశాడు. పాడబోయి ఆమె ఆగింది. వంగి నారు గుచ్చేచోట ఆ మాట సగంలో తెగుతుంది అంది. ‘ఎదురు తిరుగుడు’ అని మార్చి పాడింది. పాట నిలబడింది. పుస్తకం వచ్చినప్పుడు కవి పేరు పాట కింద ఉంది. ఆమె వాటాకు మిగిలింది బ్రాకెట్లో రెండు మాటలు, ‘నాట్ల బాణీ’ అని.

ఆ రెండు మాటలు చదివిన విద్యార్థి ఏమనుకుంటాడు? బాణీ ఊరిది, బుద్ధి కవిది అనుకుంటాడు. వస్తువు మనది, రూపం ప్రజలది అన్న మన పాత సూత్రం ఈ పొరపాటును ఇంకా గట్టిపరుస్తుంది. రూపమేదో ఖాళీ గిన్నె అయినట్టు, వస్తువును మనం పోస్తున్నట్టు. వంగినప్పుడు ఊపిరి ఎక్కడ తెగుతుందో తెలిసిన మనిషి మార్చింది రూపాన్నా, వస్తువునా? ‘ప్రతిఘటన’ తెలిసినవాళ్ల మాట. ‘ఎదురు తిరుగుడు’ తిరిగినవాళ్ల మాట. రెంటి మధ్య తేడా వస్తువులోనే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నిర్బంధం ఉన్న రోజుల్లో పేరు లేకపోవడం రక్షణ కాదా? తప్పకుండా రక్షణే. సంతకం పెడితే జైలుకు పోవలసిన కాలంలో పేరు దాచుకోవడం వివేకం. ఐతే అప్పుడు పేరు దాచుకున్నది పాడినవాళ్లు. ఇప్పుడు పేరు రాయనిది అచ్చువేసేవాళ్లు. దాచుకోవడానికీ రాయకపోవడానికీ చాలా దూరం. బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి’ పాట 1980లో ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ గొంతులో తెలుగు దేశమంతా తిరిగింది. చాలామంది ఆ పాట గద్దర్‌దే అనుకున్నారు. గొంతు గొప్పదనం ఒకటి, కర్తను మరవడం ఇంకొకటి. మొదటిదాన్ని మెచ్చుకుంటూనే రెండోదాన్ని సరిదిద్దవచ్చు.

నా ప్రతిపాదనలు మూడు. పాటల పుస్తకంలో ప్రతి పాట కింద నాలుగు పంక్తుల చిట్టా ఉండాలి. బాణీ ఏ ఊళ్లో, ఎవరి దగ్గర విన్నారు, మొదటి మాటలు ఎవరివి, ఏ మాట ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు. చెప్పినవారు తమ పేరు వద్దంటే ఆ సంగతే రాయాలి. రెండోది, శిబిరానికి వచ్చిన కవికీ గాయకురాలికీ ఒకే దారిఖర్చు, ఒకే కూలి. నాట్లరోజు పని మానుకుని వచ్చిన మనిషికి పోయిన కూలి తిరిగి ఇవ్వకుండా ‘సమష్టి’ అన్న మాట ఎత్తే హక్కు మనకు లేదు. మూడోది, అచ్చుకు పోయేముందు పాట పుట్టిన ఊళ్లో ఒకసారి పాడి రావాలి. అక్కడ ఎవరూ అందుకోని పంక్తిని కొట్టివెయ్యాలి, అది ఎంత పెద్ద కవిదైనా.

ఈ పనులకు పెద్ద ఖర్చు లేదు. ఒక నోటుపుస్తకం, కొంత ఓపిక చాలు. కష్టమల్లా మన అలవాటుతోనే. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటివారు ఊరూరా తిరిగి పాటలు సేకరించకపోతే మన చేతికి ఈ సంపద అందేది కాదు. వాళ్లు పాటను కాపాడారు. పాట మార్చే మనిషిని గుర్తించడం మన తరం వంతు.

సాహిత్య విద్యార్థులకు ఒక మాట. రేపు మీరు ఉద్యమ పాటల మీద పరిశోధన చేసేటప్పుడు ‘ఈ పాట ఎవరు రాశారు’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకు ఒక పేరో, ‘ప్రజలు’ అన్న మాటో జవాబుగా వస్తుంది, పరిశోధన అక్కడితో ముగుస్తుంది. ‘ఈ పాటలో ఏ మాట ఎవరి దగ్గర మారింది’ అని అడగండి. లూసిల్ సిమన్స్ నిదానం చేసిన లయకు సంతకం పెట్టే చోటు ఏ కాపీరైటు పత్రంలోనూ దొరకలేదు. మన పుస్తకాల్లో ఆ చోటు పెట్టడానికి మనకు ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు.